టైర్ల షాపు వెనక గది

ఆదివారం చర్చి అయ్యాక ఇంటికొచ్చి అన్నం తిని, మన చంద్రపూర్ నుంచి దుర్గాపూర్ పోయే రోడ్డులో ఒక బీరు బారుకు ఎదురుగా ఉన్న సిమెంటు దిమ్మె మీద కూర్చుంటాను. చాయ్ తాగుతాను, పేపరు తిరగేస్తాను, ఎండ తగ్గాక ఇంటికి పోతాను. దీని మీద మన సంఘంలో పెద్ద చర్చే నడుస్తోందని నా చెవిన పడింది. రిటైరయ్యాక పెద్దాయనకు అలవాటు పట్టుకుందనీ, లోపలికి పోవడానికి సిగ్గుపడి బయట వాసన పీలుస్తున్నాడనీ అంటున్నారట. మొన్న యూత్ మీటింగులో ఒకరు మొహం మీదే అడిగేశారు, "తాతా, బయట ఎండల ఎందుకు, లోపల ఏసీ ఉంది గదా" అని. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం కోపం వచ్చింది. ఆ కోపం చల్లారక ముందే ఇది రాస్తున్నాను.

మీలో తెలుగు చదవగలిగినవాళ్ళు తక్కువని తెలుసు. నేనూ బడిలో మరాఠీయే చదివాను. ఈ అక్షరాలు మా అమ్మ కూర్చోబెట్టి నేర్పినవి. తప్పులుంటే సర్దుకోండి. చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి వినిపించండి. పేర్లు మాత్రం రాయను. ఎందుకు రాయనో చివరికి మీకే అర్థమవుతుంది.

నా ఉద్యోగమంతా ఒక బొగ్గు గనిలో, లాంప్ రూంలో గడిచింది. ఓపెన్ కాస్టు కాదు, భూమి లోపలికి దిగే బాయి. దిగే ప్రతి మనిషీ ముందు నా కిటికీ దగ్గరికి రావాలి. తన నంబరు బిళ్ళ ఇస్తాడు, నేను అదే నంబరున్న లైటు ఇస్తాను, అతను టోపీకి తగిలించుకుని దిగుతాడు. పైకొచ్చాక లైటు నాకిచ్చి బిళ్ళ తీసుకుంటాడు. చూడడానికి సినిమా టికెట్లమ్మినంత పనే. కానీ ఒక కట్టుబాటు ఉంది. షిఫ్టు అయిపోయినా ఒక్క లైటు గూట్లోకి తిరిగి రాలేదంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. ఆ మనిషి సంగతి తేలేదాకా లాంప్ రూం మనిషి ఇంటికి పోకూడదు. నేను పోలేదు కూడా. మా ఇంట్లో ఎన్నిసార్లు కూర చల్లారిపోయిందో మా ఆవిడను అడగండి.

కిటికీ చిన్నది కాబట్టి మొహాలు దగ్గరగా వచ్చేవి. ఎవరు గుట్కా వేశారో, ఎవరు పెళ్ళాంతో పోట్లాడి అన్నం తినకుండా వచ్చారో నాకు తెలిసేది. ఎవరు తాగి వచ్చారో అందరికంటే ముందు నాకే తెలిసేది. వాసన వస్తే లైటు ఇవ్వకూడదు. ఇవ్వకపోతే ఆ రోజు నాగా పడుతుంది, నాగాలు ఎక్కువైతే చార్జిషీటు వస్తుంది. అందుకని మా దగ్గర ఒక మర్యాద ఉండేది. నేను హాజరు రాసే మున్షీ వైపు చూస్తాను, ఆయన "ఏమిరా, తలనొస్తుందా?" అని గట్టిగా అడుగుతాడు, వచ్చినవాడు తల ఊపుతాడు. ఆ రోజంతా అతనికి పైన ఊడ్చే పని, బొగ్గు టబ్బులు లెక్కపెట్టే పని. అతని బదులు ఇంకొకడు కిందికి దిగుతాడు. ఎవరూ ఎవరినీ ఒక మాట అనరు. దీన్ని మేం మంచితనం అనుకునేవాళ్ళం, ఇప్పటికీ కొందరు అలాగే అనుకుంటున్నారు.

ఆ రోజుల్లో జిల్లా అంతా దారుబందీ. అంటే చట్టం ప్రకారం చంద్రపూర్ జిల్లాలో చుక్క మందు లేదు. మీరప్పుడు చిన్నవాళ్ళు, బందీ అంటే నిజంగా బందీయే అనుకుని ఉంటారు. బయట దొరకనిది మా బస్తీలో దొరికేది, అంతే తేడా. అది కూడా ఏది కలిపారో తెలియనిది.

మా బాయిలో హాలర్ నడిపే ఒకతను ఉండేవాడు. హాలర్ అంటే ఇనుప తాడు చుట్టే ఇంజను. వాలు మీద టబ్బులను పైకి లాగేదీ, కిందికి వదిలేదీ అదే. ఆ తాడు పక్కనే మనుషులు నడుస్తుంటారు. గంట ఎన్నిసార్లు మోగిందో విని, దాన్ని బట్టి ఆపాలి, లాగాలి, వదలాలి. చెవి, చెయ్యి రెండూ సరిగ్గా ఉండాలి. అతని చెయ్యి బంగారం. వాళ్ళ నాన్న మంచిర్యాల వైపు నుంచి వచ్చి ఇదే బాయిలో బొగ్గు నింపాడు. మన చర్చిలోనే వెనక వరసలో కూర్చునేవాడు, బేస్ గొంతుతో పాడేవాడు. నాకంటే చాలా చిన్న, నన్ను అన్నా అనేవాడు. ఇక్కడ అతన్ని తమ్ముడనే రాస్తాను.

తమ్ముడికి తలనొప్పి రోజులు ఎక్కువయ్యాయి. ఒకరోజు నేను చూపు తిప్పేలోపే అండర్ మేనేజర్ గారు కిటికీ దగ్గరికి వచ్చేశారు. ఆయనది గోదావరి వైపు. మంచివాడే, కానీ బాయిలో ప్రాణం పోతే జైలుకు పోయేది ఆయనే, అందుకని ఎప్పుడూ చెమట్లు పట్టినట్టుండేవాడు.

"ఏమండీ, ఇతను హాలర్ మనిషి కదండీ? ఈ వాసనతో తాడు వదిలితే కింద ఎంతమంది పోతారో తెలుసాండీ? ఇదే ఆఖరు. ఇంకోసారి ఇలా వచ్చాడంటే ఉద్యోగం ఉండదు. మీరూ వినండి, మున్షీ గారూ మీరూ వినండి."

తమ్ముడు నేల చూస్తూ నిలబడ్డాడు. ఆ సాయంత్రం అతని భార్య లాంప్ రూం దగ్గరికి వచ్చింది. ఆడవాళ్ళు అక్కడికి వచ్చేది బాయిలో ప్రమాదం జరిగినప్పుడే. ఆమెను చూడగానే బయట కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఆమెకు అది తెలిసి ఇంకా సిగ్గుపడింది.

"అన్నా, తాగుడు ఇడిసిపెట్టెటోళ్ళు ఆయితారం ఆయితారం ఏడ్నో కూసుంటరట. మా అంగన్‌వాడీ మేడం చెప్పింది, వాళ్ళ మామ గట్లనే మానిండట, నాగ్‌పూర్‌ల. మన చంద్రపూర్‌ల గూడ ఉందట. ఏడుందో ఎవలకు ఎరుక లేదు. నువ్వు జర దేవులాడు అన్నా."

"ఆయనతోని మాట్లాడినవా చెల్లె? వస్తడా?"

"వస్తడు. నిన్న ఏడిసిండు. నౌకరి పోతదని గాదు అన్నా. తాడు ఇడిసెటప్పుడు గంట ఇనబడ్డదో లేదో సమజ్ గాలేదట. తాడు పక్కపొంటి నడిచెటోళ్ళిద్దరు జర్ర ఆగకపోతే సచ్చిపోయెటోళ్ళట. ఎవలకు చెప్పకు."

ఆ మాట విన్న తెల్లారే వెతకడం మొదలుపెట్టాను.

ముందు మా ఆస్పత్రి డాక్టరు గారిని అడిగాను. ఆయన నవ్వి, "దారుబందీ జిల్లాలో తాగేవాళ్ళెక్కడున్నారయ్యా, ప్రభుత్వమే లేరంటోంది కదా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఇదివరకు అలాంటివాళ్ళ మీటింగు ఒకటి ఉండేదనీ, బందీ వచ్చాక హాలు ఇచ్చినవాళ్ళు భయపడి ఖాళీ చేయించారనీ చెప్పాడు. పోలీసులు గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతివాణ్ణీ నీకు మందు ఎక్కడ దొరికింది, ఎవరు అమ్మారు అని అడిగేవాళ్ళట. మానేద్దామని వచ్చినవాడు సాక్షి కావాలి, లేకపోతే ముద్దాయి కావాలి. ఇక ఎవరొస్తారు. మీటింగు ఉంటే ఉంది, ఎక్కడుందో మాత్రం తనకు తెలియదన్నాడు.

పాస్టరు గారిని అడిగితే, మన సంఘంలో అటువంటివారు లేరు కదా, ఎవరి కోసం అన్నారు. వెనక వరసలో బేస్ గొంతు ఆయనకు ప్రతి ఆదివారం వినబడుతూనే ఉంది. నేను నోరు మూసుకున్నాను. పాన్ డబ్బా దగ్గర అడిగితే ఇంకా నయం, మీటింగు సంగతి ఎవరూ చెప్పలేదు గానీ మందు ఎక్కడ దొరుకుతుందో మాత్రం అడగకుండానే నలుగురు చెప్పారు. ఒకాయన తోడుగా వస్తానన్నాడు కూడా. భద్రావతి ఫ్యాక్టరీలో మా బావమరిది వరస ఒకాయన ఉంటే అక్కడికీ పోయాను. క్వార్టర్లలో ఎవరికీ తెలియదు. తెలిసినా చెప్పరని నాకు అనిపించింది.

చివరికి చెప్పింది ఎవరనుకున్నారు? మా బస్తీ చివర మందు అమ్మే ఆడమనిషి. అందరూ ఆమెను మావుశీ, అంటే పిన్ని, అనేవాళ్ళు. నేను ఆమె గుమ్మం తొక్కడం అదే మొదలు. తమ్ముడికి అమ్మొద్దని చెప్పడానికి పోయాను, కొంచెం గట్టిగా మాట్లాడాలనే పోయాను. ఆమె చాట పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నేను అమ్మకపోతే ఇంకొకడు అమ్ముతడు లాంప్‌బాబూ. ఆడు అమ్మేది తాగితే కండ్లు పోతయ్. నువ్వు కొట్లాడుటానికి వచ్చినవా, పని మీద వచ్చినవా?"

ఏ ధైర్యంతో అడిగానో తెలియదు, మీటింగు సంగతి అడిగేశాను.

"గంతేనా? నా గిరాకీ ఏడికి పోతుందో నాకు ఎరుక లేదా? ఆయితారం పూట మంచి మంచి గిరాకీలు బందైనయ్. ఎటు పోతున్నరని ఎనుకంగ మనిషిని తోలిన. దుర్గాపూర్ రోడ్డుల టైర్లకు రబ్బరేసే షాపు లేదా? దాని ఎనుక గది. చార్ బజే. బోర్డు గీర్డు ఉండది. చెప్పులు బయట ఇడువరు, లోపల ఇడుస్తరు, ఎవలకు కనబడొద్దని." కొంచెం ఆగి మళ్ళీ అంది, "తీస్కపో. మంచోడు ఆడు. ఉద్దెర ఎన్నడు ఎగ్గొట్టలే."

డాక్టరుకు తెలియనిది ఆమెకు ఎలా తెలిసిందా అని అప్పుడు ఆశ్చర్యపోయాను గానీ, ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యమేం లేదు. ఆ మీటింగు వల్ల నష్టపోయేది ఆమెలాంటివాళ్ళే.

ఆ ఆదివారం తమ్ముణ్ణి నా బండి వెనక కూర్చోబెట్టుకుని పోయాను. టైర్లు గుట్టలుగా పడి ఉన్నాయి, కాలిన రబ్బరు వాసన. తమ్ముడు గేటు దగ్గర ఆగిపోయాడు. "అన్నా, లోపల మన బాయోళ్ళు ఉంటే?" అన్నాడు. "ఉంటే ఆళ్ళు గూడ నిన్ను జూసి గిదే అనుకుంటరు, నడువ్" అన్నాను. తాగని మనిషి లోపల కూర్చోకూడదు, అది వాళ్ళ నియమం. నేను రోడ్డుకు ఇటువైపు, ఇదిగో ఈ సిమెంటు దిమ్మె మీదే కూర్చున్నాను. పక్కన చాయ్ బండి ఉండేది. గంటన్నర తర్వాత బయటికొచ్చాడు. ఏమైందని అడిగాను.

"ఏం లేదన్నా. ఒకలు చెప్తరు, మిగిలినోళ్ళు ఇంటరు. నడుమల ఎవలు మాట్లాడరు. గిట్ల చెయ్, గట్ల చెయ్ అనరు. బాయిల తాడు ఆగినంక ఎట్లుంటది సప్పుడు లేకుంట, గట్లుంది."

"నువ్వు చెప్పినవా?"

"లే. మూలకు కూసున్న. వచ్చే వారం అదే మూలకు కూసుంట."

కొన్ని వారాలు నేనే తీసుకుపోయాను. తర్వాత నన్ను రావద్దన్నాడు, సైకిల్ మీద ఒక్కడే పోయేవాడు. మళ్ళీ మళ్ళీ అదే మూలలో కూర్చునేవాడు. ఎప్పుడో ఒకనాడు నోరు విప్పి, తాడు సంగతి, ఆ ఇద్దరి సంగతి చెప్పాడట. లోపల పేర్లు చెప్పుకోరు, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోరు. కొన్నిచోట్ల ఇస్తారట గానీ, పోలీసుల భయంతో ఇక్కడివాళ్ళు ఆ అలవాటే మానుకున్నారు. ఒక పెద్దాయన నంబరు ఇస్తానంటే తమ్ముడే వద్దన్నాడు, ఫోన్ ఇంట్లో పిల్లల చేతిలో ఉంటుందని.

నా కిటికీ దగ్గర అతని మొహం మారింది. వాసన పోయింది. ముందు బిళ్ళ వేళ్ళ సందులోంచి జారి కింద పడేది, తర్వాత అదీ పోయింది. చర్చిలో ముందు వరసకు రాలేదు గానీ గొంతు మాత్రం ముందుకు వచ్చింది. అతని భార్య ఒకసారి సంతలో కనిపించి ఏమీ అనకుండా నా సంచిలో రెండు సీతాఫలాలు వేసి వెళ్ళిపోయింది. నా సర్వీసులో ఎవరైనా నన్ను మెచ్చుకున్నది ఏదైనా ఉందంటే అదే.

మధ్యలో ఒకరోజు దారుబందీ ఎత్తేశారు. బస్తీలో టపాకాయలు కాల్చారు. నేనూ, తమ్ముడి భార్యా కంగారుపడ్డాం. తమ్ముడే, "బందీ ఉన్నప్పుడు దొరకలేదా అన్నా, ఇప్పుడు దొరికితే ఏంది" అని నాకు ధైర్యం చెప్పాడు.

అలా కొంతకాలం గడిచి మార్చి నెల వచ్చింది. బొగ్గు బావుల్లో మార్చి అంటే మీకు పరీక్షలెలాగో అలాగ. ఏడాది టార్గెట్ ఆ నెలలో ముగియాలి. ఆదివారాలు కూడా బాయి నడుస్తుంది, ఆదివారం డ్యూటీకి రెట్టింపు కూలి. అందరికీ ఇవ్వరు. నమ్మకమైనవాళ్ళకు, నాగాలు లేనివాళ్ళకు ఇస్తారు. సండే డ్యూటీ దొరకడమంటే మా దగ్గర మెడల్ దొరికినంత.

అండర్ మేనేజర్ గారు స్వయంగా లాంప్ రూంకు వచ్చారు. తమ్ముడు లైటు తీసుకుంటున్నాడు. ఆయన అతని భుజం మీద చెయ్యి వేశారు. ఆ మనిషి ఎవరి భుజం మీదా చెయ్యి వేయగా నేను చూడలేదు.

"మీలో మార్పు చూస్తున్నానండీ. చాలా సంతోషం. మార్చి సండేలన్నీ మీకే వేశాను. హాలర్ మీద మీరుంటే నాకు నిద్ర పడుతుంది."

తమ్ముడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మున్షీ చాయ్ తెప్పించాడు. అందరం సంబరపడ్డాం. ఆ నెల డబ్బుతో తమ్ముడి భార్య కూలర్ కొంది. చంద్రపూర్ ఎండల్లో కూలర్ లేని ఇల్లు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆదివారాన్ని మాత్రలాగా వేసుకోవాల్సిన మనిషికి ఆదివారాలే తీసేస్తున్నామని ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు. ఆయనకు చెప్పేవాళ్ళూ లేరు. చెప్పకూడదన్నదే కదా మా మర్యాద.

మార్చి అంతా అతను చుక్క ముట్టలేదు, ఆ మాట నేను ఎక్కడైనా చెప్పగలను. ఏప్రిల్‌లో మొదటి ఖాళీ ఆదివారం వచ్చింది. తెల్లారి సోమవారం పొద్దున షిఫ్టుకు కిటికీ దగ్గరికి వచ్చాడు. బిళ్ళ కిటికీ పలక మీద పెట్టాడు. మొహం దగ్గరికి తేకముందే నాకు వాసన తగిలింది.

నేను మున్షీ వైపు చూడబోయాను. అది నా అలవాటు. తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దన్నా. తలనొప్పి అనొద్దు. లైటు ఇయ్యకు. కింద మనుషులున్నరు."

"ఏమైందిరా?"

"ఆ గదిల బారు పెట్టిండ్రన్నా. టైర్ల షాపు లేదు, ఏం లేదు. దర్వాజకు బంతిపూల దండ ఇంక ఎండలే. మనోళ్ళు లోపలున్నరేమో జూద్దామని పోయిన. ఒక్కలు లేరు. నా మూల ఉంది. ఆడ టేబుల్ ఏసిండ్రు. కాళ్ళు గటే పోయినయ్. గోడకు ఒరిగి కూసున్న, గోడ గదే. ఎవలన్న వస్తరని కూసున్న. ఎవలు రాలే. వెయిటరొచ్చి 'క్యా లావూ' అన్నడు."

నేను లైటు గూట్లోనే ఉంచేశాను. వెనక లైనులో ఉన్నవాళ్ళు ఎవరూ తొందర చేయలేదు. అతను బిళ్ళ తీసుకుని, టోపీ చంకలో పెట్టుకుని గేటు వైపు నడిచిపోయాడు. వెనక్కి తిరిగి చూస్తాడేమో అనుకున్నాను, చూడలేదు.

సస్పెండ్ చేశారు. అండర్ మేనేజర్ గారికి కోపం కంటే బాధ ఎక్కువైంది. "అందరూ బతిమాలుకునే సండేలండీ, ఏరి ఏరి అతనికి వేశాను, ఇదా అతను నాకు చేసింది" అన్నారు. అప్పుడు చెప్పాను, ఆదివారాలు అతను ఎక్కడికి పోయేవాడో. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "నాకెవరూ చెప్పలేదేంటండీ" అన్నారు.

మళ్ళీ వెతకడం మొదలైంది. ఈసారి ఇంకా కష్టం. టైర్ల షాపాయన జాగా బారువాళ్ళకిచ్చి వరోరా పోయాడని తెలిసి, రైలెక్కి అక్కడికి పోయాను. పాపం, మర్యాదగానే మాట్లాడాడు. కుర్చీలు తోపుడు బండి మీద వేసుకుని పోయారనీ, ఎక్కడికని తను అడగలేదనీ, వాళ్ళను ఏమీ అడగకూడదన్న మాట మీదే గది ఇచ్చాననీ అన్నాడు. అక్కడి నుంచి మావుశీ దగ్గరికి పోయాను. ఆమె వాకిట్లో మందు సామాను లేదు, వంకాయలు పోసుకుని కూర్చుంది.

"సర్కారు దుకాన్లు తెరిచినంక నా దిక్కు ఎవడొస్తడు లాంప్‌బాబూ? గిరాకీ ఉన్నప్పుడు ఎవడు తాగుతుండు, ఎవడు మానిండు ఎరుకుంటుండె. ఇప్పుడు నన్నడిగితే నేనేం చెప్పాలె?" అంది. వంకాయలు తూస్తూ, "పిలగాడు బాగున్నడా?" అని కూడా అడిగింది. లేదన్నాను.

తమ్ముడు ఏప్రిల్‌లో మొదలుపెట్టినవాడు ఆగలేదు. నేను ఇంటికి పోయినప్పుడల్లా కూలర్ ముందు పడుకుని ఉండేవాడు. నన్ను చూడగానే ఒకటే మాట, "దొరికిందా అన్నా?" అని. అతని భార్య వంటింటి గుమ్మంలో నిలబడి నా మొహం చూసేది. నాగ్‌పూర్ పోదాం అన్నాను, వద్దన్నాడు. "గాళ్ళు గావాలె అన్నా. గాళ్ళకు ఒక్కసారి చెప్పిన. మళ్ళ కొత్తోళ్ళకు మొదటికెల్లి చెప్పుడు నాతోని గాదు." వానలు మొదలయ్యేసరికి పొట్ట ఉబ్బింది, కళ్ళు పచ్చబడ్డాయి. చంద్రపూర్ ఆస్పత్రిలో రక్తం కక్కుకుని పోయాడు. నేను చేరేసరికి మంచం ఖాళీ చేసి పక్క మారుస్తున్నారు.

మా ఊళ్ళో అలవాటే కదా, బాయివాళ్ళు తలా ఇంత వేసుకుని చౌరస్తాలో అతని ఫోటోతో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టించారు. మరాఠీలో పేరు, కింద మా అందరి పేర్లు. మరునాడు సమాధుల దగ్గర పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే, మావాళ్ళు కాని ఇద్దరు మనుషులు గోడ దగ్గర నిలబడి కనిపించారు. ఒకాయన తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దాయన. మట్టి వేసేటప్పుడు వచ్చి తలా పిడికెడు వేశారు. పోతుంటే నేను వెంటబడి ఎవరని అడిగాను.

పెద్దాయన మరాఠీలో, చాలా నెమ్మదిగా చెప్పాడు. "మా దగ్గరికి వచ్చేవాడు. మూలలో కూర్చునేవాడు. నెలలు కలిసి కూర్చున్నాం, పేరు తెలియదు. నిన్న చౌరస్తాలో బోర్డు మీద మొహం చూశాం. పేరు అక్కడే చదివాం."

ఎక్కడికి పోయారు మీరంతా అని నేను దాదాపు అరిచాను.

ఎక్కడికీ పోలేదు. బారు వెనక గల్లీలో మూతపడ్డ పిండి గిర్నీ ఉంది, దాని పైగదిలోకి మారారు. టైర్ల షాపు నుంచి ఒక బీడీ కాల్చేలోపు నడిచిపోవచ్చు. మార్చిలో రెండు మీటింగుల్లో అందరికీ చెప్పారు. రానివాళ్ళ కోసం ఆ తర్వాత ఆదివారాలు ఒక మనిషిని షాపు ముందు నిలబెట్టారు కూడా. నెలాఖరు దాకా నిలబడ్డాడు. ఇక అందరికీ తెలిసిపోయిందనుకుని మానేశాడు. "ఏప్రిల్ మొదటి ఆదివారం కూడా నిలబడి ఉంటే..." అని పెద్దాయన ఆగిపోయాడు. పక్కనున్న రెండోవాడు మొహం తిప్పుకుని ఏడుస్తున్నాడు. నిలబడింది అతనేనని నాకప్పుడు అర్థమైంది.

నాకు పట్టరాని కోపం వచ్చింది. వీళ్ళ మీదా, బారువాడి మీదా, మార్చి నెల మీదా, భుజం తట్టిన ఆ మంచి మనిషి మీదా. కాసేపటికి అది పోయింది. వాళ్ళు చేసింది మా బాయి పనే. ఆఖరి లైటు గూట్లో పడకముందే కిటికీ మూసేశారు, అంతే. ఎవరెవరు పైకి రావాలో చెప్పే బిళ్ళలు మా దగ్గర ఉండేవి. పాపం, వాళ్ళ దగ్గర అవి లేవు.

అక్కడే వాళ్ళతో అన్నాను, ఇక నుంచి షాపు ముందు నేను కూర్చుంటానని. పెద్దాయన, మీరు మాలో మనిషి కాదు కదా అన్నాడు. లోపలికి రానండీ, నాది బయట డ్యూటీయే అన్నాను.

రిటైరై ఇంట్లో ఉన్నాక కూడా అదే చేస్తున్నాను. ఇప్పటికీ ఆ గదికి బోర్డు లేదు. పెట్టమని నేనూ అడగను, బోర్డు కింద నిలబడాలంటే రానివాళ్ళే ఎక్కువ. బారుకు వచ్చినవాడు బారు బోర్డు చూస్తూ తిన్నగా లోపలికి పోతాడు. టైర్ల షాపు వెనక గది అని విని వచ్చినవాడు ఆ బోర్డు చూసి ఆగుతాడు, అటూ ఇటూ చూస్తాడు, ఫోన్ తీసి ఊరికే చెవికి పెట్టుకుంటాడు. అప్పుడు లేస్తాను. ఏమీ అడగను. "వెనక గల్లీ, గిర్నీ పైన" అంటాను. కొందరు మాట్లాడకుండా అటు పోతారు. కొందరు నన్ను తిట్టి బారులోకే పోతారు. చాలా ఆదివారాలు ఎవరూ రారు. అతని భార్య అప్పుడప్పుడు సంతకు ఈ రోడ్డున పోతూ నన్ను చూస్తుంది. ఆగదు. ఇన్నేళ్ళలో ఒకే ఒక్కసారి ఆగి అడిగింది.

"ఇయ్యాల ఎవలన్న వచ్చిండ్రా అన్నా?"

"ఒకలొచ్చిండ్రు చెల్లె."

"ఎటు పోయిండ్రు?"

"గిర్నీ దిక్కు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు తెలిసిందా, పేర్లెందుకు రాయలేదో. మిమ్మల్ని నవ్వొద్దని చెప్పడానికి ఇది రాయలేదు, నవ్వుకోండి. నా మోకాళ్ళు అరిగిపోయాయి, కిందటి వానాకాలం రెండు ఆదివారాలు జ్వరంతో పడుకున్నాను. ఆ రెండు వారాలు ఎవరొచ్చి బోర్డు చూసి ఎటు పోయారో నాకు తెలియదు. ఆ ఆలోచనతో జ్వరం ఇంకో రెండు రోజులు ఎక్కువే ఉంది. మీలో ఎవరికైనా ఆదివారం మధ్యాహ్నం ఖాళీ ఉంటే చెప్పండి. లోపల ఏసీ ఉన్నమాట నిజమే గానీ కూర్చోవాల్సింది బయట. దిమ్మె మీదికి నీడ నాలుగు దాటాక గానీ రాదు, గొడుగు తెచ్చుకోండి.